పాత జనరేటరు: కొలుచుటయా, మార్చుటయా?

పరీక్షావాది: స్విచ్చు నొక్కగానే అంటుకొనును, భారము లేనంతసేపు తిరుగుచునే యుండును, కాని ఆ తిరుగుటలో నిలుకడ లేదు. శబ్దము ఒకమారు పైకెగసి, మరల క్రుంగి, మరల ఎగసి, మన యూళ్ల జనరేటరు మెకానిక్కులు హంటింగు అని పిలుచు ఆ యూగిసలాటలో పడును. పైకప్పు మీది ఏ.సి. వేయగానే రెండుమారులు దగ్గి ఆగిపోవును. అమెరికాలో 1990ల నాటి పెట్రోలు మోటార్‌హోములలో, అనగా ఇంటి వసతులు గల బండ్లలో, నేల క్రింది అరలో వ్రేలాడు నాలుగు కిలోవాట్ల జనరేటరు ముసలితనమున సామాన్యముగా చూపు లక్షణములివి. ఇట్టిదానిని బాగుచేయ బూనినవాడు స్పానరు పట్టుటకు ముందు మీటరు పట్టవలెనని నా వాదము. ఆ కాలపు ఒనాన్ కంపెనీ జనరేటర్లలో పెక్కింటికి ఎదురెదురుగా పరుండిన రెండు సిలిండర్లు, నాలుగు ధ్రువముల ఆల్టర్నేటరు, నిమిషమునకు 1800 చుట్లు. ధ్రువముల సంఖ్యను చుట్ల సంఖ్యతో గుణించి 120తో భాగించినచో సెకనుకు 60 ఆవర్తనములు వచ్చును. మన దేశమున అట్టి నాలుగు ధ్రువముల యంత్రమే 1500 చుట్లు తిరిగి 50 ఆవర్తనము లిచ్చును. కావున ఇంజను వేగము తెలిసికొనుటకు ఇంజను దగ్గరకే పోనక్కరలేదు. బండిలోపలి సాకెట్టులో గుచ్చిన అరచేతి ప్రమాణపు మీటరు చాలును. ఆవర్తనములును వోల్టులును కలిసి పడిపోయినచో దోషము ఇంజనులో నున్నది. ఆవర్తనములు 60 దరిదాపున నిలిచి, వోల్టులు మాత్రము 120 నుండి క్రుంగినచో ఇంజను నిర్దోషి. బ్రష్షులను, స్లిప్‌రింగులను, వోల్టేజి రెగ్యులేటరును చూడవలెను. ఈ యొక్క కొలత తీసికొననివాడు సగము యంత్రమును నిష్కారణముగా విప్పును.

పరివర్తనవాది: మీ లెక్కను నేను కాదనను. కాని మీరు ఆ యంత్రమును బల్లమీద నుంచుకొని మాటలాడుచున్నట్లున్నది. అది బల్లమీద లేదు. నేల క్రింద నాలుగు బోల్టులకు వ్రేలాడుచు, ఒక ప్రక్క సైలెన్సరు గొట్టముతోను, వేరొక ప్రక్క పెట్రోలు గొట్టముతోను, వెనుక బ్యాటరీ తీగలతోను పెనవేసికొని యున్నది. దానిని జాకీమీద మెల్లగా దించుటకే ఒక పూట పట్టును, మరల ఎక్కించుటకు మరియొక పూట. ఇంత శ్రమపడి దించినవాడు కార్బురేటరు ఒక్కటియే తుడిచి, ముప్పది యేండ్ల పంపును అట్లే యుంచి పైకెక్కించినచో, వచ్చే వేసవిలో ఆ పంపు కొరకు మరల దించవలసినదే గదా! శ్రమ వెల భాగముల వెలను మించిన చోట, భాగములన్నిటిని ఒక్కమారే మార్చుట దుబారా కాదు, పొదుపే. ఇక కారణమందురా, కొలువకమునుపే అది ముక్కాలు మువ్వీసము తెలిసియున్నది. అమెరికాలో అమ్మెడు పెట్రోలులో సాధారణముగా పదవవంతు ఇథనాలు కలిసియుండును. అది గాలిలోని తేమను పీల్చును. మోటార్‌హోము ఏడాదిలో అధికభాగము కదలక నిలిచియుండు బండి. కార్బురేటరు గిన్నెలో మిగిలిన పెట్రోలునుండి తేలిక యంశము ఆవిరియై పోగా, బరువైన యంశము జిగురై, జెట్టులనబడు, సూది మొన పట్టని ఇత్తడి రంధ్రములలో గట్టిపడును. తయారీదారులు నెలకొకమారు రెండు గంటలసేపు సగము భారముతో నడుపుడని చెప్పుదురు, ఎవరు నడుపుచున్నారు? నడుపని యంత్రము హంటింగు అగుచున్నదన్న తోడనే ఇంధన మార్గము చెడినదని చెప్పుటకు మీటరేల?

పరీక్షావాది: ఇంధన మార్గమే చెడియుండుట తరచని నేనును ఒప్పుకొందును. కాని మార్గమన్నది ఒక్క వస్తువు కాదు. ట్యాంకులోని గొట్టపు కొననుండి జెట్టు రంధ్రము వరకు గల దీర్ఘమైన వరుస అది. ఆ కొననుండియే ప్రారంభింతము. జనరేటరు పెట్రోలంతయు త్రాగివేసి బండిని అడవిలో నిలుపకుండుటకై, దాని గొట్టము ట్యాంకు అడుగువరకు పోనీయక, ఇంచుమించు పావు ట్యాంకు మట్టమునకే ఆపియుంతురు. డ్రైవరు ముందరి ముల్లు పావు దగ్గర నుండగా, ఇంజను చక్కగా నడచుచుండగా, జనరేటరు మాత్రము ప్రాణము విడుచును; ఆ సమయమున మీరు కొత్త కార్బురేటరు బిగించినచో అదియు ప్రాణము విడుచును. ఏటవాలు నేలమీద బండి నిలిచినపుడు సగము ట్యాంకు దగ్గరనే ఈ చిక్కు రావచ్చును. రెండవది చోకు పరీక్ష. యంత్రము ఊగిసలాడుచుండగా చోకును వ్రేలితో కొంచెము మూయవలెను. తిరుగుట నిలుకడ పడినచో గాలి హెచ్చి పెట్రోలు చాలకున్నదని అర్థము. మరింత చెడి నల్లపొగ వచ్చినచో పెట్రోలే హెచ్చుగా నున్నది, అప్పుడు నానిన ఎయిర్ ఫిల్టరునో, మూసికొననొల్లని ఫ్లోటు సూదినో అనుమానింపవలెను. మూడవది, నా దృష్టిలో అన్నిటికంటె విలువైనది. ట్యాంకునుండి వచ్చు గొట్టమును పంపు దగ్గర విడదీసి, తాజా పెట్రోలున్న చిన్న డబ్బాలో వేరొక గొట్టమును ముంచి పంపునకు తగిలింపవలెను. అప్పుడు యంత్రము చక్కగా నడచినచో దోషము పంపునకు ఆవల, ట్యాంకు వైపు నున్నది. నడువనిచో పంపునుండి ఈవల నున్నది. వరుస రెండుగా తెగినది. దించుట లేదు, ఎక్కించుట లేదు. ముందు తలుపు తీసి చేయి పెట్టగలిగినంత పనియే.

పరివర్తనవాది: తెగినది, కాని ఎంతవరకు? ఆవల సగములో పగిలిన రబ్బరు గొట్టమున్నది, మూసికొనిపోయిన ఫిల్టరున్నది. ఈవల సగములో అలసిన పంపున్నది, జిగురు పట్టిన కార్బురేటరున్నది, గాలి పీల్చు గాస్కెట్టున్నది. మీ పరీక్ష ఏ సగమో చెప్పును గాని ఏ వస్తువో చెప్పదు. ఒక్కొక్కదానిని వేరు చేయుటకు మీరు మరల ఒక్కొక్క పరీక్షను కల్పింతురు. ప్రతి పరీక్షకు ఒక గొట్టము విడదీయవలెను, ప్రతి విడదీతకు నాలుగు చుక్కల పెట్రోలు వేడి సైలెన్సరు ప్రక్కన పడును. ఆ రబ్బరును మీరు కంటితో చూచితిరా? వంచినచో పైపొర మీద వెంట్రుక వంటి బీటలు తెరచుకొనును. పంపు పీల్చు వైపున ఆ బీటలనుండి పెట్రోలు కారదు, గాలి లోనికి పోవును, అందుచే క్రింద చెమ్మ కనబడక మీరు గొట్టము మంచిదే యనుకొందురు. అదే బీట పంపునకు ఈవల, ఒత్తిడి వైపున నున్నచో పెట్రోలు కారును. ఆ యరకు పైన, ఒక పలక మందమున, మనుష్యులు నిద్రించు మంచమున్నది. దీనిని పరీక్షించి తేల్చుకొందమని చెప్పుటకు నా మనస్సొప్పదు.

పరీక్షావాది: ఆ మాటకు నేను ఎదురు చెప్పను. ఇథనాలును తట్టుకొను కొత్త గొట్టములు, కొత్త క్లాంపులు, కొత్త ఫిల్టరు, ఇవి దోషమున్నను లేకున్నను మార్చదగినవే. వీనికి పరీక్ష అక్కరలేదు. నా యభ్యంతరమంతయు కార్బురేటరును గూర్చియు, ఇగ్నిషను కాయిలును గూర్చియు, రెగ్యులేటరును గూర్చియు. కార్బురేటరు అను పేర అంగడిలో దొరకు ప్రతి వస్తువును ఆ యింజనునకు తగిన జెట్టుతో రాదు. చవుక నకళ్లు బోల్టు రంధ్రములకు సరిపోవును, ఇంజను వేగమును నిలుపు గవర్నరు కడ్డీకి సరిపోవును, రంధ్రము కొలతకు మాత్రము సరిపోవు. ముప్పది యేండ్లు ఈ యింజనుతో కలిసి పనిచేసిన పాతదానిని పారవేసి, ఎన్నడును కలిసి పనిచేయనిదానిని తెచ్చి బిగించి, మరల ఊగిసలాట వచ్చినప్పుడు మనుష్యుడేమి చేయును? కొత్తది గదా, అది మంచిదే యనుకొని గవర్నరు స్ప్రింగును త్రిప్పును. అక్కడ రెండు సవరణలున్నవి: ఒకటి వేగమునకు, రెండవది గవర్నరు చురుకుదనమునకు. చురుకుదనము తగ్గించినచో హంటింగు పోయినట్లే తోచును, కాని ఏ.సి. కంప్రెసరు ఎత్తుకొన్న క్షణమున గవర్నరు ఆలస్యముగా మేలుకొని ఇంజను చతికిలబడును. ఇప్పుడు దోషములు మూడు: మొదటి దోషము, కొత్త కార్బురేటరు తెచ్చిన దోషము, మనము త్రిప్పిన మర దోషము. ఒక్కమారు ఒక్కదానినే మార్చి, మార్చిన పిమ్మట కొలిచినచో ఈ దుర్గతి రాదు.

పరివర్తనవాది: నకళ్లను గూర్చి మీరన్నది నిజము, నేను చెప్పిన మార్పు తయారీదారు భాగములతో చేయు మార్పే, అవి దొరకని చోట నా వాదము బలహీనపడునని ఒప్పుకొందును. కాని పాతదానిని శుభ్రపరచుట నిరపాయమని మీరు తలంచుచున్నారు, అది భ్రాంతి. జెట్టులో జిగురు కనబడగానే చేతికి దొరకిన ఉక్కు తీగతో పొడుచువారే యధికులు. ఇత్తడి మెత్తని లోహము, తీగ తగిలిన ప్రతిమారు రంధ్రము వెంట్రుకవాసి పెద్దదగును, పిమ్మట ఆ యింజను జీవితాంతము పొగ విడుచును. పొడువక మందు చల్లినంతమాత్రమున చాలదు. ఐడిల్ మార్గములు లోహపు గోడలలోపల మలుపులు తిరిగి, చివరలు బిళ్లలతో మూయబడియుండును, చల్లిన మందు అక్కడకు చేరదు. తేమ చేరి గిన్నె అడుగున తెల్లని పొడి వలె తుప్పు పట్టిన అల్యూమినియమును ఏ ద్రవముతో కడిగినను పోయిన లోహము తిరిగి రాదు. మూడుమారులు శుభ్రపరచి, మూడుమారులు బిగించి, ప్రతిమారును మీ మీటరు 57 దగ్గర ఊగుట చూచుకొనుచు కూర్చుండినవాని దినములకు వెలయేమి కట్టుదురు?

పరీక్షావాది: పోయిన లోహమునకు నా దగ్గర సమాధానము లేదు, అట్టి కార్బురేటరును నేనును మార్చుదును. కాని గిన్నె విప్పి ఆ తెల్లని పొడిని చూచిన పిమ్మట మార్చుదును; చూచుట కూడ పరీక్షయే. మీరు సెలవిచ్చిన ఆ 57 సంఖ్యనే పట్టుకొందము. భారము వేసినపుడు కొన్ని ఆవర్తనములు తగ్గుట ఈ గవర్నరుల స్వభావము, అది రోగము కాదు. దానికి తోడు యంత్రము ఎక్కడ నిలిచియున్నదో చూడవలెను. సముద్రమట్టమునుండి ప్రతి వేయి అడుగుల ఎత్తునకు ఈ యింజనుల శక్తి నూటికి మూడున్నర వంతున తగ్గును. కొలరాడోలో డెన్వరు 5,280 అడుగుల ఎత్తున నున్నది. అక్కడనే నాలుగు కిలోవాట్ల యంత్రము మూడుంబావు కిలోవాట్ల యంత్రమైపోవును. పర్వతములలోని లెడ్‌విల్లు పది వేల అడుగులకు పైమాట. అక్కడ మిగులునది రెండున్నర కిలోవాట్లు. మైదానమున ఏ.సి.ని, మైక్రోవేవును కలిపి నడిపినవాడు కొండమీద అట్లే నడుపబోయి, పలుచని గాలిలో పెట్రోలు పాలు హెచ్చి ఇంజను నల్లపొగ విడువగా, చెడినదని తీర్మానించుకొని, ఆరోగ్యవంతమైన యంత్రమున భాగములన్నియు మార్చివేయును. మీ పద్ధతి ఆ మనుష్యుని ఎక్కడ ఆపును?

పరివర్తనవాది: అక్కడ ఆపదు, ఒప్పుకొంటిని. ఐనను కొండ దిగినవెంటనే బాగుపడు దోషము దోషమే కాదు, దానిని గూర్చి మన తగవు లేదు. తగవు వేరొక చోట నున్నది. అరగంట చక్కగా నడచి, వేడెక్కిన పిమ్మట ఆగిపోయి, ఒక గంట చల్లారనిచ్చినచో ఏమియు ఎరుగనట్లు మరల అంటుకొను యంత్రమును మీరు చూచియుందురు. ఆరిజోనా యెడారిలో, వేసవి మధ్యాహ్నమున, ఏ.సి. తప్ప వేరు రక్షణ లేని బండిలో, వృద్ధురాలైన తల్లినో, పసిబిడ్డనో కూర్చుండబెట్టుకొన్న గృహస్థు దగ్గర అది ఆగును. మెకానిక్కు ముందరకు తెచ్చునప్పటికి చల్లారి చక్కగా నడచును. మీ మీటరు 60 చూపును, 120 చూపును, దోషము లేదనును. ఇట్టి చోట దోషమును వెదకుట కాదు, దోషము రాగల ప్రతి వస్తువును తొలగించుటయే కర్తవ్యము: కాయిలు, పంపు, ఆయిలు ఒత్తిడి స్విచ్చు, తుప్పుపట్టిన గ్రౌండు తీగ, అన్నియు.

పరీక్షావాది: మీ వాదములో నాకు మిక్కిలి బలముగా తోచినది ఇదియే, తేలికగా త్రోసిపుచ్చను. ఐనను ఆ వరుసలో ప్రతి వస్తువునకు తన మరణచిహ్నము వేరుగా నున్నది. కాయిలులోని సన్నని తీగచుట్టు వేడికి విడిపోయినచో నిప్పురవ్వ చచ్చును, పెట్రోలు వచ్చుచునే యుండును. గొట్టములో పెట్రోలు వేడికి ఆవిరియై పంపు చేతికందకున్నచో రవ్వ యుండును, పెట్రోలుండదు. ప్లగ్గునకును తీగకును నడుమ చిన్న రవ్వ దీపమును ముందుగనే తగిలించి, ఎడారికి పోనక్కరలేకుండ ఇంటి ముందరనే నిండు భారముతో గంటసేపు నడిపినచో, ఆగు క్షణమున ఆ దీపమే చెప్పును. ఆయిలు ఒత్తిడి స్విచ్చు ఆపినచో అంతకుముందు తడబాటుండదు, గొంతు నులిమినట్లు ఒక్కమారే ఆగును. ఇక స్విచ్చు పట్టుకొన్నంతసేపు తిరిగి, వదలగానే చచ్చునది వేరు జాతి: అక్కడ ఆయిలు ఒత్తిడి స్విచ్చునో, జనరేటరు విద్యుత్తు పుట్టినదని కంట్రోలు బోర్డునకు తెలుపు తీగనో చూడవలెను. ఇన్ని చిహ్నములను ఆ యంత్రమే చెప్పుచుండగా వినక, ఐదు పెట్టెల కొత్త భాగములను తెరచుట నాకు బాధ కలిగించును. అందులో రెండు మాత్రమే పనికివచ్చును. ఏ రెండో ఎవరికిని తెలియదు. ఆ తెలియమి మరుసటి యజమానికి సంక్రమించును.

పరివర్తనవాది: మరుసటి యజమాని వచ్చువరకు ఆ యంత్రము ఉండవలెననియే మీరు తలంచుచున్నారు. నేను ఇంకొక మెట్టు ముందుకు పోయెదను. దానినే దించివేసి, పైకప్పుమీద సౌరఫలకములు, అరలో లిథియం బ్యాటరీలు ఉంచినచో ఈ కార్బురేటరు తగవే లేదు. జాతీయోద్యానముల క్యాంపుగ్రౌండులలో జనరేటరు నడుపుటకు గంటలు నియమించియున్నారు. బ్యాటరీకి ఆ కట్టడి లేదు, ఇరుగుపొరుగు నిద్రకు భంగము లేదు.

పరీక్షావాది: దీపములకు, ఫ్రిజ్జునకు, పంపునకు, ల్యాప్‌టాపునకు మీ మాట అక్షరాల చెల్లును, వానికొరకు నాలుగు కిలోవాట్ల ఇంజనును తిప్పుట అవివేకమే. కాని మీరే చెప్పిన ఆ యెడారి మధ్యాహ్నమును తలచుకొనుడు. పైకప్పు ఏ.సి. ఒకటి నడచుచుండగా ఇంచుమించు 1,500 వాట్లు త్రాగును. ఎనిమిది గంటలకు 12 యూనిట్లు. పన్నెండు వోల్టుల, నూరు ఆంపియరు గంటల లిథియం బ్యాటరీ ఒకదానిలో పట్టునది 1.28 యూనిట్లు. అట్టివి తొమ్మిది పది కావలెను, మరునాటికి వానిని నింపునంత ఎండ ఆ పైకప్పునకు పట్టవలెను. పెట్రోలు డబ్బాతో అదే పని జరుగును. వృద్ధురాలైన తల్లి కొరకు మీరు ఆ పాత యంత్రమునే నమ్ముకొనక తప్పదు. కాబట్టియే దానిని తెలిసికొని నమ్ముమనుచున్నాను.

పరివర్తనవాది: నమ్ముటకు ముందు ఒకటి జ్ఞాపకముంచుకొనుడు. చోకును సగము మూసి కట్టి, నడచుచున్నది గదా యని తృప్తిపడువారున్నారు. పెట్రోలు హెచ్చిన ఇంజను కార్బన్ మోనాక్సైడును కూడ హెచ్చుగా విడుచును. దానికి రంగు లేదు, వాసన లేదు. మీరు పరీక్షల పేర వారముల తరబడి ఆ యంత్రమును అరకొరగా నడుపుచుండగా నేల పలక బీటలనుండి అది లోనికి రాదని ఎవరు చెప్పగలరు?

పరీక్షావాది: ఇందులో మనకు భేదము లేదు. సైలెన్సరు గొట్టము బండి అంచు దాటి వెలుపలికి రావలెను, అతుకులు గట్టిగా నుండవలెను, లోపలి అలారము పనిచేయుచుండవలెను; ఈ మూడును సరిచూడక పరీక్షకైనను స్విచ్చు నొక్కరాదు, ఎవరును లోపల పరుండియుండగా నొక్కనేరాదు. చోకు మూసి చూచుట ఒక నిమిషపు పని, దానిని కట్టి నడుపుట నేరము.

పరివర్తనవాది: అట్లయిన చివరి మాటగా ఇది యడుగుదును. ఇంటి ముందర గంటసేపు నడిపితిరి, రవ్వ దీపము ఆరలేదు, మీటరు కదలలేదు, యంత్రము ఆగలేదు. రేపు ఉదయము బండి ఎడారికి బయలుదేరుచున్నది. కాయిలు మార్చుదురా, మార్చరా?

పరీక్షావాది: కొత్త కాయిలును కొని బండిలో ఉంచుకొందును, రవ్వ దీపమును ఊడదీయక అట్లే ఉంచి పోవుదును. ఆగినప్పుడు దీపము ఆరినచో కొత్తది బిగింతును.

పరివర్తనవాది: ఆ యెండలో, ఆ సైలెన్సరు ప్రక్కన, ఆ యరలో చేయి పెట్టి?

పరీక్షావాది: ఔను. మీరైన పక్షమున ఈ రాత్రియే మార్చి, రేపు అది పంపు వలన ఆగినప్పుడు అదే యెండలో అదే యరలో చేయి పెట్టుదురు. ఐతే దేని కొరకు పెట్టుచున్నారో మీకు తెలియదు.

పరివర్తనవాది: పంపును కూడ ఈ రాత్రియే మార్చియుందును.